ఎదురు తూకం

మలేసియా వెళ్ళే ముందు బొడ్డేడ తాతారావు తన బరువుకు సరిపడా బెల్లాన్ని ఇంట్లో తన కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళాడు. అందువల్ల అతని ఫోను అనకాపల్లి దాటలేదు. మనిషి సముద్రం దాటినా, అంతే బరువు అదే కుర్చీలో ఉంటే టవరుకు తేడా తెలియదు. ఊళ్ళో ఉన్నప్పటి చార్జీలే పడతాయి. కంపెనీవాళ్ళు దీన్ని ఎదురు తూకం పథకం అంటారు. పై దేశాలు తిరిగే వ్యాపారుల్లో ఎక్కువమంది దీన్నే తీసుకుంటారు.

మిగతా దారులు తాతారావు చూడకపోలేదు. అక్కడి సిమ్ కొనుక్కోవచ్చు. కానీ తెలియని నంబరు నుంచి ఫోను వస్తే బెల్లం మార్కెట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తినా, అప్పు అడగడానికేమోనని గొంతు మార్చి మాట్లాడతారు. రోమింగ్ ప్యాకు వేసుకోవచ్చు. దానికి మాట్లాడిన రోజుకూ అద్దె, మాట్లాడని రోజుకూ అద్దె. ఖాళీ గోడౌనుకు అద్దె కట్టేవాడు వ్యాపారానికి పనికిరాడు. ఇక బసలో దొరికే వైఫై. అందులో మాట ఒక లారీలోనూ మొహం ఇంకో లారీలోనూ వస్తాయి. అన్నీ చూసి తాతారావు ఎదురు తూకానికే సంతకం పెట్టాడు.

కంపెనీ తరఫున గౌరీశంకర్ అనే ఉద్యోగి కాటా పట్టుకుని ఇంటికొచ్చి షరతులు చదివాడు. ఎవరు ఏ సరుకు అమ్ముతారో ఆ సరుకే పెట్టాలి. బియ్యం వ్యాపారి బియ్యం, ఇనుము వ్యాపారి ఇనుము. సీలు వేశాక అందులో ఏదీ చేర్చకూడదు. తీయవచ్చు. తీసినదాన్ని అమ్మకూడదు, ఇంట్లోవాళ్ళే వాడుకోవాలి. రెండు వైపులా బరువు సమానంగా ఉన్నంతకాలం లైను శుభ్రంగా ఉంటుంది; తేడా వస్తే గరగరలాడుతుంది; తేడా పెరిగితే తెగిపోతుంది.

"తియ్యొచ్చు గానీ సేర్చకూడదేటండీ?" అని అడిగాడు తాతారావు.

"మనిషి తగ్గడం సహజమండి. పెరిగితేనే అనుమానం" అన్నాడు గౌరీశంకర్.

ఇక్కడ తాతారావు ఒక పొరపాటు చేశాడు. ఊరికే కూర్చునే బెల్లానికి మొదటి రకం ఎందుకని, గోడౌను మూల మిగిలిపోయిన నల్లరకం దిమ్మలు తెప్పించాడు. అది తేమ బెల్లం. అదే బెల్లాన్ని ఏ రైతో బండిమీద తెచ్చి ఉంటే, తాతారావు బొటనవేలితో నొక్కి చూసి, ఎండితే ఇంత పోతుందని తరుగు తీసి మరీ ధర కట్టేవాడు. తన బరువు తూచేటప్పుడు మాత్రం వేలు పెట్టి నొక్కలేదు.

అతని భార్య నూకరత్నం దిమ్మలను కుర్చీలో పేర్చి, చీమలు పట్టకుండా కుర్చీ కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టి, పైన అతని తువ్వాలు కప్పింది. కాస్త వెనక్కి జరిగి చూసింది.

"రంగు సరిపోయినాది" అంది.

మలేసియాలోని ఆ రేవు పట్టణంలో తాతారావు సింహాచలమ్మ అనే ఆవిడ నడిపే మెస్సు మీది గదిలో దిగాడు. ఆవిడ తాతగారు బొబ్బిలి ప్రాంతం నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాడు. బెల్లం కొనే కంపెనీ, సరుకు నమూనా పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఉండమంది. పగలంతా చేసే పని లేదు. సాయంత్రం కాగానే ఇంటికి ఫోను చేసేవాడు. లైను ఎంత శుభ్రంగా ఉండేదంటే, అనకాపల్లి హాల్లో ఫ్యాను కీచుమనడం, నూకరత్నం పక్కకు తిరిగినప్పుడు గాజులు సర్దుకోవడం కూడా వినిపించేవి.

చవగ్గా దొరికినదాన్ని పూర్తిగా వాడుకోవడం తాతారావు స్వభావం. అవసరమైన మాటలు మొదటి రెండు సాయంత్రాలకే అయిపోయాయి. గ్యాసు వచ్చిందా, పంపు మోటారు బాగుచేశారా, అంతే. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో ఆ ఇంట్లో నడిచిన మాటలు కూడా ఇంచుమించు అంతే. ఫోను పెట్టేయడానికి మనసొప్పక అవసరం లేని మాటలు మొదలుపెట్టాడు. నూకరత్నానికి ఉరుములంటే భయమని, ఓడని లోపల్నుంచి చూడాలని ఆవిడ చిన్నప్పట్నించీ అనుకుంటోందని, అతను మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమైనప్పుడు గుమ్మంలోకి మూడుసార్లు వచ్చి చూసి, అతను కనబడగానే కోపం తెచ్చుకునేదని అతనికి అప్పుడే తెలిసింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి సెప్పలేదేటే?"

"మీరు ఎదురుగుండా ఉన్నారు కదండీ. ఎదురుగా ఉన్న మనిషికి ఏటి సెప్తాం?"

అతనికి ఆ మాట న్యాయంగానే తోచింది.

"ఓడ లోపల నేను సూపిస్తానులే" అన్నాడు. అటువైపు గాజులు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

కొన్నాళ్ళకు లైను గరగరలాడింది. గౌరీశంకర్ తనిఖీకి వచ్చి, కుర్చీలో బెల్లాన్ని తూచి, "ఎండిందండి. మీ ఆయన్ని తగ్గమనండి" అని చెప్పి వెళ్ళాడు. తాతారావు రాత్రిపూట అన్నం మానేశాడు. లైను శుభ్రపడింది. కానీ ఖాళీ కడుపుతో నూకరత్నం మాటలు వింటూ పడుకున్న మనిషికి ఇల్లు మరీ గుర్తుకొచ్చింది. ఆనపకాయ పులుసు, వీధి తలుపు గొళ్ళెం చప్పుడు, ఆవిడ జడ విప్పుకునేటప్పుడు దువ్వెన పంటికింద పట్టుకుని మాట్లాడే ముద్దమాట. ఆ బెంగకు తగ్గాల్సినదానికన్నా ఎక్కువ తగ్గిపోయాడు. బెంగకు సొంత బరువు లేదు గానీ, తరుగు మాత్రం గట్టిగా తీస్తుంది. లైను ఈసారి అటువైపు నుంచి గరగరలాడింది.

చేర్చే వీలు లేదు కాబట్టి, నూకరత్నం కుర్చీలోంచి ఒక ముక్క తీసింది. అమ్మే వీలు లేదు కాబట్టి వండుకుంది.

"మీ మోసెయ్యంత ముక్క తీసీసానండీ. గవ్వలు సేసాను."

"ఎలాగున్నాయి?"

"తీపే. ఎనకాల కాస్త ఉప్పదనం తగిలింది. కోపం మనిషి కదా మరి."

తాతారావు నవ్వాడు. నవ్వి, ఆవిడ ఒక్కతే కూర్చుని గవ్వలు తింటున్న దృశ్యం తలచుకుని, ఆ రాత్రికి మరికాస్త తగ్గాడు.

తర్వాత అది ఒక పద్ధతిలో పడింది. అతను తగ్గేవాడు, ఆవిడ తీసేది. తీసింది పాకమో పరమాన్నమో అయ్యేది. బెల్లం ఎండేది, అతను అన్నం మానేవాడు. ఏ వైపు చూసినా లెక్క దిగడమే గాని ఎక్కడం లేదు. రెండు వైపులా సమానంగా దిగుతోంది కాబట్టి మాట మాత్రం గాజులా స్పష్టంగా ఉంది. నూకరత్నం కాస్త ఒళ్ళు చేసింది. తాతారావు చొక్కాలు వదులయ్యాయి. రేవు గాలి గట్టిగా వీచే రోజుల్లో అతను మెట్ల దగ్గర నిలబడితే, సింహాచలమ్మ వచ్చి తలుపు వేసేది.

నమూనా పరీక్ష నెగ్గింది. కొనేవాళ్ళు సంతోషించి, ఇంకో రెండు ఓడల సరుకుకు మాట్లాడదామని, అయితే మొదటి ఓడ సరుకు దిగేదాకా మనిషి ఇక్కడే ఉండాలని అన్నారు. మంచి ధర. తాతారావు జీవితంలో అంత ధర ఎవరూ ఇవ్వలేదు. ఆ సాయంత్రం నూకరత్నానికి చెప్పాడు.

"వచ్చీండి" అందావిడ.

"ఆర్డరు పెద్దదే..."

"కుర్చీలో మీరు నడుం దాకా కూడా నేరండి. నాను సెయ్యి ఆనించుకునేంత ఎత్తు కూడా నేదు. కుర్చీ ఖాళీ అయిపోతే ఫోనూ ఉండదు కదా. అప్పుడు నానెవరితో మాట్లాడాలి?"

అతను ఏమీ తేల్చకుండా కిందికి వచ్చి మెస్సులో కూర్చున్నాడు. సింహాచలమ్మ అతని కంచంలో, వద్దన్నా, అన్నం పెట్టింది.

"మా తాత కూడా ఎదురు తూకం పెట్టే వచ్చాడు నాయనా" అందావిడ. "కూలిమనిషి, అమ్మే సరుకేముంది? ఇంటిముందు ఒక రాయి పెట్టాడట. రాయి ఎండదు, తరగదు. ఆయనకి తిరిగి వెళ్ళే తొందర లేకపోయింది."

"మరి ఆ రాయి?"

"ఉంటుంది. ఏ ఊరో మాకు తెలీదు. అప్పుడప్పుడు ఫోను ఎత్తకముందే అందులో ఎవరో మాట్లాడుకుంటూ ఉంటారు. పిల్లల్ని కసురుతూ, నీళ్ళు తోడుకుంటూ. మా ఇంట్లో ఎవరికీ భయం లేదు. అలవాటే."

మర్నాడు తాతారావు కొనేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, తాను ఉండలేనన్నాడు. అయితే ధర తగ్గుతుందన్నారు. బేరం ఆడకుండా అవతలివాడు చెప్పిన ధరకు ఒప్పుకోవడం అతనికి అదే మొదలు.  వదులైన చొక్కా చేతిని పైకి లాక్కుని సంతకం పెట్టాడు.

అతను ఇంటికి చేరేసరికి గౌరీశంకర్ కాటాతో సిద్ధంగా ఉన్నాడు. ఒక పక్క మనిషిని, ఒక పక్క బెల్లాన్ని తూచాడు. గోరంత తేడా లేదు. ఇంత నిజాయితీగా ఎదురు తూకం నడిపిన దంపతులు మండలంలోనే అరుదని మెచ్చుకున్నాడు.

"మూసేయమంటారా, కొనసాగించమంటారా?"

"మనిషి వచ్చీసాడు కదండీ. మూసీండి" అన్నాడు తాతారావు.

నూకరత్నం మిగిలిన బెల్లాన్ని వంటింటి అటక మీద పెట్టి, కుర్చీ తుడిచింది. తాతారావు కూర్చున్నాడు. ఆవిడ కాఫీ తెచ్చి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, పంచదార సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాడు. గ్యాసు వచ్చిందా అని అతను అడిగాడు. వచ్చిందంది.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు సాయంత్రం అతనే ధైర్యం చేశాడు.

"ఓడ సూపిస్తానన్నాను కదా, విశాఖపట్నం ఎప్పుడెల్దాం?"

నూకరత్నం మొహం ఎర్రబడింది. పరాయి మగవాడెవరో తన సంగతులు తెలుసుకుని వచ్చి అడిగినట్టు చూసింది.

"పాలు పొంగిపోతాయి" అని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యిమీద పాలు లేవు.

 తాతారావు చెప్పులేసుకుని, గేటు తీసి, వీధిలోకి వచ్చాడు. వీధి దీపాలు వెలిగాయి. ఎదురింటి బంగారం కొట్టు ఆయన తన గేటు బయట నిలబడి ఫోనులో మెల్లగా మాట్లాడుతున్నాడు. ఆ పక్కన, దుబాయి నుంచి వచ్చేసిన ఎలక్ట్రీషియను గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. ఇంకా ముందు ప్రతి గేటు దగ్గరా ఒక మనిషి, ప్రతి మనిషి చెవి దగ్గరా చిన్న వెలుగు. వాళ్ళందరి వెనకా వాళ్ళ వాళ్ళ ఇళ్ళు. మలుపులో గౌరీశంకర్ కూడా ఉన్నాడు. ఫోను చేత్తో మూసి, "మా ఇల్లు ఇదేనండి" అన్నాడు మర్యాదగా. "మీ పథకం నేనింకా మూయలేదు. మూడు రోజులు ఆగి మూయడం మా పద్ధతి."

"అయితే మూయకండి" అని చెప్పి తాతారావు తన గేటు దగ్గరికి తిరిగొచ్చాడు. కిటికీలోంచి చూస్తే, నూకరత్నం అటక మీది బెల్లాన్ని దించి కుర్చీలో పెట్టి, తువ్వాలు సర్దుతోంది. అతను నంబరు నొక్కాడు. ఆవిడ కుర్చీకి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని ఫోను ఎత్తింది. లైను శుభ్రంగా ఉంది.

"ఇయ్యాల ఇంత ఆలస్యం సేసారేటి?" అంది. గొంతు మునుపటిలా ఉంది. "ఎంతసేపటి నుంచి సూస్తన్నానో తెలుసా?"

"పనిలో పడ్డాను."

"తిన్నారా?"

"తిన్నాను. వంకాయ కూర, చారు. కూర బాగుంది."

"ఎవరు వండారేటి?" అని అడిగి, నవ్వి, వెంటనే గొంతు తగ్గించి, "ఎప్పుడొస్తారండీ?" అంది.

తాతారావు చెయ్యి గేటు గడియ మీదే ఉంది. కిటికీలోంచి పడిన వెలుతురు అతని పాదాల దాకా వచ్చి ఆగింది. కుర్చీలో బెల్లం ఎంత మిగిలిందో చూసి, మనసులో ఒకసారి లెక్క వేసుకున్నాడు.

"ఇంకో నాలుగు రోజులు పడుతుందే" అన్నాడు.