నీడకు మూడడుగుల హద్దు

సూర్యుడు అందరివాడు. నీడ మాత్రం పురపాలక సంఘానిది. ఈ సత్యం తెలియని వాళ్లు ఊళ్లో ఇంకా కొందరు నిశ్చింతగా తిరుగుతున్నారు గనుక, వారి మేలు కోరి తాళాలాయన సంగతి ఇక్కడ వివరంగా చెప్పవలసి వస్తోంది.

తాళాలాయన అంటే బజారు మలుపులో రేకుల కొట్టు పెట్టుకుని తాళాలు బాగుచేసే మనిషి. ముప్పై ఏళ్లలో ఆయన తెరవలేని తలుపంటూ లేదు (పురపాలక కార్యాలయం తలుపు అప్పటికింకా తట్టి చూడలేదు). ఆయన భార్య అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని చేసేది. ఊపిరితిత్తులు మొరాయించాక పని మానేసింది, తప్పులు దిద్దడం మానలేదు. గాలిలోంచి ఆక్సిజన్ లాగి ముక్కుకి అందించే యంత్రం ఒకటి డాక్టరు ఇంట్లో పెట్టించాడు. దానికి కరెంటు కావాలి. ఊళ్లో రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కరెంటు తీసేస్తారు. ఆదివారమనీ సెలవనీ చూడరు. శాఖలన్నిటిలోకీ కరెంటు శాఖ క్రమశిక్షణే క్రమశిక్షణ.

కరెంటు లేనప్పుడు వాడుకోమని ఇచ్చిన చిన్న సిలిండరు గంటన్నర వస్తుంది. మిగిలేది అరగంట. ఆ అరగంట కోసం తాళాలాయన కొట్టు మూసి ఇంటికి వచ్చేవాడు. మంచం మీద భార్య వెనకాల కూర్చుని, ఆవిడ వీపు తన ఛాతీకి ఆనించుకుని నిటారుగా పట్టుకునేవాడు. ఆవిడ పెదవులు నీలంగా మారేవి. ఆయనకు చచ్చేంత భయం వేసేది. మాటిమాటికీ గోడ గడియారం వంక చూసేవాడు. అది బ్యాటరీతో నడిచేది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

అలాంటి ఒక అరగంటలోనే ఆయనకు తట్టింది, కరెంటు పోయే వేళకే కదా ఎండ మండిపోయేది అని. నెల తిరగకుండా మేడ మీద ఇనప చట్రం వేయించి ఆరు సోలార్ ప్యానెళ్లు బిగించాడు. మూడు మధ్యాహ్నాలు యంత్రం ఆగలేదు. మూడో మధ్యాహ్నం ఆవిడ మూడింటివేళ హాయిగా కునుకు తీసింది కూడా. నాలుగో మధ్యాహ్నం నీడల కొలతల అధికారి వచ్చాడు.

ఆయన చేతిలో టేపు, జేబులో సుద్దముక్క, చంకలో నిబంధనల పుస్తకం. నిప్పులాంటి మనిషి. లంచం ముట్టడు (ముట్టే మనిషైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది).

"మీ ఇంట్లో కొత్త కట్టడం ఒకటి కనిపిస్తోంది పెద్దాయనా."

"కట్టడం కాదండీ, సోలార్ ప్యానెళ్లు. మా ఆవిడ మిషన్ కోసం పెట్టించాను."

"ప్యానెళ్ల జోలికి నేను రాలేదు. వాటి నీడ సంగతి."

నివాస ప్రాంతాల్లో సౌరశక్తి ఏర్పాట్ల నిబంధనలు, పదకొండో అధ్యాయం ప్రకారం సౌర ఏర్పాటూ దాని అనుబంధాలూ ప్రహరీకి మూడడుగులు లోపలే ఉండాలి. తాళాలాయన ప్యానెళ్లు ఆరడుగులు లోపలే ఉన్నాయి. అయితే నీడ అనుబంధమా కాదా అన్న విషయంపై ఒక ఉపసంఘం పద్నాలుగు నెలలు కూర్చుని (ఫ్యాను కింద), ప్యానెల్ ఎక్కడుంటే నీడా అక్కడే ఉంటోంది గనుక నిస్సందేహంగా అనుబంధమేనని తేల్చింది. తాళాలాయన ప్యానెళ్ల నీడ పొద్దు వాలేసరికి ప్రహరీ దాటి పక్కింటి టీచరమ్మ పెరట్లోకి పోతోంది.

"ఇంటి నీడ కూడా అక్కడిదాకా పోతుంది కదండీ?" అన్నాడు తాళాలాయన.

"ఇంటి నీడ పాతది. నిబంధనలు వచ్చాక పడిన కొత్త నీడలకే ఇవి వర్తిస్తాయి."

"ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయండీ అక్కడ."

"అందుకే కదా నన్ను వేసింది," అన్నాడు అధికారి, కొంచెం గర్వంగా.

అధికారి టీచరమ్మ పెరట్లోకి వెళ్లి నీడ అంచు వెంట సుద్దగీత గీశాడు. టేపు పరిచి, కొలిచి, పుస్తకంలో రాసుకుని, తల ఎత్తి చూసేసరికి నీడ గీత దాటి జానెడు ముందుకు పోయింది. మళ్లీ గీశాడు. మళ్లీ పోయింది. అయిదో గీత దగ్గర ఆయనకు చెమటలు పట్టాయి.

"తాళాలు వేసేవాళ్లే కదా మీరు, దీన్నొక చోట ఆపలేరా?"

తాళాలాయన తన వల్ల కాదని సవినయంగా ఒప్పుకున్నాడు. అధికారి నివేదికలో ఇలా రాసుకున్నాడు: 'సదరు కట్టడం కొలతలు తీసుకొనుచుండగా అధికారి సమక్షముననే విస్తరించినది. యజమాని నిలుపుదల చేయుటకు నిరాకరించెను.' అయిదింటికి నీడ పొడవు ముప్పై రెండు అడుగులు తేలింది. ఆ కొలతకు నివాస ప్రాంతంలో అనుమతి లేదు. అది కల్యాణ మండపం కొలత.

ఇక బాధితుల వాంగ్మూలం మిగిలింది. టీచరమ్మ చేయి కడుక్కుని బయటికొచ్చింది.

"బాధేముందండీ? ఎండకి మాడిపోయే గోడ, కాస్త చల్లబడింది. అన్నయ్యగారు ఇంకో నాలుగు పెట్టించుకున్నా నాకు సంతోషమే. లోపల మా వదిన ఊపిరి పీల్చుకుంటోంది, అది చాలు."

అధికారి ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో స్వల్ప బాధ, మధ్యస్థ బాధ, తీవ్ర బాధ అని మూడే గళ్లున్నాయి. సంతోషానికి గడి లేదు. చాలాసేపు ఆలోచించి, తీవ్ర బాధ దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'బాధితురాలు బాధను గుర్తించు స్థితిలో లేరు' అని రాశాడు.

ఏడు రోజుల్లోగా నీడ అనుమతి తీసుకోవాలని నోటీసు వచ్చింది. తాళాలాయన దరఖాస్తు నింపుకుని, ఇంట్లో ప్యానెళ్లు పనిచేస్తున్నాయి కదా అన్న ధైర్యంతో మధ్యాహ్నం కార్యాలయానికి వెళ్లాడు. సౌర విభాగం మూడో కిటికీ. పని వేళలు రెండు నుంచి నాలుగు. లోపల చీకటి. కిటికీ వెనక మేడమ్ ఎవరిదో ఫైలుతో విసురుకుంటోంది.

"కరెంటు లేదు బాబాయ్. కంప్యూటర్ తెరుచుకోదు."

"ఎప్పుడొస్తుందమ్మా?"

"నాలుక్కి."

"అయితే నాలుక్కి రానా?"

"నాలుక్కి ఈ కిటికీ మూసేస్తాం కదా."

"పోనీ, రెండింటి లోపు?"

"అప్పుడు కరెంటు ఉంటుంది కానీ కిటికీ ఉండదు," అందామె. ఆమెకి నిజంగానే జాలేసింది. దరఖాస్తు చేతిలోకి తీసుకుని, వెనక ఉన్న ఇనప బీరువాలో పడేసి, తలుపు మోకాలితో తన్ని మూసింది. ఆ తలుపు ఆ రోజుతో బిగుసుకుపోయింది.

ఎనిమిదో రోజు జప్తు బండి వచ్చింది. నీడను జప్తు చేయడం ఆచరణలో కష్టం కాబట్టి, నీడకు ప్రేరేపకులైన ప్యానెళ్లను అదుపులోకి తీసుకున్నారు. తాళాలాయన బండికి అడ్డంగా నిలబడ్డాడు. మా ఆవిడ ఏమైపోవాలి బాబూ అని గొంతు చించుకున్నాడు. ఆవిడ గురించి ఫైల్లో ఏమీ లేదని నీడల అధికారి ఎంతో మర్యాదగా చెప్పాడు.

అరగంట మళ్లీ ఇంటికొచ్చింది. తొమ్మిది మధ్యాహ్నాలు ఆయన భార్యను పట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదో రోజు ఆవిడ ఆయాసంలోనే, "నన్ను చూసి మీరు ఊపిరి బిగబట్టకండి. ఇద్దరికీ లేకపోతే ఎలా?" అంది. ఆయన ఏడవలేదు కానీ, ఏడ్చినంత పని అయింది.

పదో రోజు ఆవిడ దగ్గర టీచరమ్మను కూర్చోబెట్టి మళ్లీ కార్యాలయానికి పరిగెత్తాడు. రెండుంబావు. ఊరంతా కరెంటు లేదు. కార్యాలయంలో మాత్రం ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆయన వెనక్కి నడిచి రోడ్డు మధ్యదాకా వచ్చి పైకి చూశాడు. కార్యాలయం మేడ మీద ఆరు ప్యానెళ్లు. తన ఇనప చట్రమే. తను బిగించిన మరలే.

జప్తు వస్తువులను పనిచేసే స్థితిలో ఉంచవలసిన బాధ్యత కార్యాలయానిదేనట. ప్యానెల్ పనిచేసే స్థితిలో ఉండాలంటే అది పనిచేస్తూ ఉండాలి. అందుకని తీగ కలిపారు (బరువైన మనసుతో). వాటి నీడ ప్రహరీ దాటి బస్సుల కోసం నిలబడ్డ జనం మీద పడుతోంది. అది ప్రజాహిత నీడ కింద లెక్క.

మర్నాడు రెండింటికి పది నిమిషాల ముందు తాళాలాయన భార్యనీ యంత్రాన్నీ ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు. నిరీక్షణ మందిరం గుమ్మంలో వాచ్‌మన్ ఆపాడు. పైన బోర్డు: పెండింగ్ ఫైలు ఉన్నవారికి మాత్రమే ప్రవేశం.

"ఫైలు పెండింగేనా?"

"పెండింగే బాబూ."

"అయితే రండి."

గోడకున్న ప్లగ్గులో యంత్రం పెట్టారు. అది చిన్నగా మూలిగి నడక మొదలుపెట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని నాలుగు గుటకలు గాలి తీసుకుంది.

"కరెంటు బాగుంది," అంది. "మనదేగా."

ఆ రోజు నుంచీ పని వేళల్లో వాళ్ల కాపురం అక్కడే. ఆవిడ గోడ మీద నోటీసులు చదివి ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దేది. ఒకసారి ఆవిడ దిద్దిన నోటీసు అర్జీదారులకు అర్థమై పెద్ద గొడవైంది. తాళాలాయన బెంచీ మీద పనిముట్లు పరుచుకుని తాళాలు బాగుచేసేవాడు. నీడల అధికారి కూడా టీ తాగుతూ వచ్చి, "అమ్మగారి ముఖంలో కళ వచ్చిందండీ, మా ఆఫీసు నీళ్లు పడ్డట్టున్నాయి," అని సంతోషించేవాడు. రెండు నెలల్లో ఆవిడ పెదవులు ఒక్క పనిదినం కూడా నీలంగా మారలేదు.

మనిషికి మంచితనం ఎప్పుడు మీదికి తెస్తుందో చెప్పలేం. ఒక మధ్యాహ్నం మూడో కిటికీ మేడమ్ ఇనప బీరువాతో కుస్తీ పడుతుంటే తాళాలాయనకు చేతులు ఆగలేదు. "లేమ్మా, నేను చూస్తా," అని లోపలికి వెళ్లి, చెవి ఆనించి, సన్న కమ్మీ ఒకటి దూర్చి ఇలా తిప్పాడు. తలుపు తెరుచుకుంది. అన్నిటికంటే పైన ఆయన ఫైలే ఉంది.

ఆమె చేయి పట్టుకున్నంత పని చేసింది. "అయ్యో బాబాయ్, ఇన్నాళ్లూ మీదే ఇందులో ఉండిపోయిందా! ఉండండి, ఈ పూటే చేసిచ్చేస్తా." కరెంటు ఉంది, కంప్యూటర్ ఉంది, కృతజ్ఞత ఉంది. గంటలో నీడ అనుమతి చేతికొచ్చింది. ముప్పై ఏళ్లలో తెరిచినందుకు ఆయన తర్వాత నెత్తి కొట్టుకున్న తలుపు అదొక్కటే.

"మరి ప్యానెళ్లు ఎప్పుడిస్తారమ్మా?"

"అది జప్తు వస్తువుల విడుదల విభాగం. తొంభై పని దినాలు పడుతుంది."

"అప్పటిదాకా ఇక్కడ కూర్చుంటాం మరి."

ఆమె ముఖం చిన్నబోయింది. "మీ ఫైలు క్లోజ్ అయిపోయింది కదా బాబాయ్. రేపట్నుంచి వాచ్‌మన్ రానివ్వడు. విడుదల వాళ్లకి నిరీక్షణ మందిరం లేదు. వాళ్లు ఇంటి దగ్గరే నిరీక్షించాలి."

తాళాలాయన మనసులో లెక్క వేశాడు. తొంభై అరగంటలు ఒక్కసారిగా కళ్ల ముందు వరుస కట్టాయి. అనుమతి కాగితం పట్టుకుని వచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. ఆవిడ దాన్ని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండు తప్పులు దిద్దింది. చివరి పేరా కింద వేలు పెట్టింది: ఈ అనుమతిపై ఎవరైనా అభ్యంతరం దాఖలు చేసిన పక్షంలో ఫైలు తిరిగి పెండింగులోకి వచ్చును.

"ఏమండీ, తెల్ల కాగితం ఉందా?"

పది నిమిషాల్లో మూడో కిటికీలో అభ్యంతర పత్రం పడింది. మేడమ్ రెండుసార్లు చదివింది.

"బాబాయ్, మీ నీడ మీద మీరే అభ్యంతరం పెడుతున్నారా?"

"పెట్టకూడదని రూలేమైనా ఉందా అమ్మా?"

ఆమె పుస్తకం తిరగేసింది. లేదు. నీడల అధికారిని పిలిచింది. ఆయన పత్రం నిలబడే చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నిబంధనల ఆత్మను పట్టుకున్న పౌరుణ్ణి మొదటిసారి చూస్తున్నానని చెప్పి తాళాలాయన చేయి పట్టుకుని ఊపాడు. కారణం గడిలో, బాధ దగ్గర, ఈసారి ఆయన ఎవరినీ అడగకుండానే 'తీవ్ర' అని టిక్కు పెట్టాడు. మొదటిసారి అది నిజమైంది.

మూడూ నలభైకి ముద్ర పడింది. ఆ కార్యాలయం ఏర్పడ్డాక ఇచ్చిన పూటే నమోదైన అభ్యంతరం అదొక్కటేనట. ఫైలు తిరిగి బీరువాలోకి వెళ్లింది. తలుపు సరిగ్గా పడిందో లేదో తాళాలాయన స్వయంగా లాగి చూసుకున్నాడు.

ఆవిడ ఆరోగ్యం ఇప్పుడు నిలకడగా ఉంది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆవిడకు ఊపిరి సక్రమంగా ఆడుతోంది. ఆదివారాలు, సెలవు దినాలు మినహా.