పొగకు దారి వేసిన విజేందర్

నార్కట్‌పల్లి విజేందర్‌కు జీవితంలో ఒక్క కోరికే మిగిలింది. కూర్చోవాలి.

ఇదీ ఒక కోరికేనా అనకండి. ఆయన ఆర్టీసీ కండక్టరు. పెళ్లికి ముందు నుంచీ బస్సులో నిలబడే బతుకు వెళ్లదీస్తున్నాడు. బస్సులో ఆడవాళ్లకు ఉచితమయ్యాక కండక్టరు సీట్లో కూడా ఎవరో ఒక అవ్వ మూటతో సహా కూర్చునే ఉంటోంది. లేపుదామని దగ్గరికి పోతే, నీకు పుణ్యముంటది బిడ్డా అంటుంది. ఆ పుణ్యాన్నంతా నెత్తిన పెట్టుకుని పాపం నల్లగొండ దాకా ఒంటికాలి మీద పోయి, ఒంటికాలి మీదే వస్తుంటాడు.

అందుకే తన ఇంట్లో, బస్సులాగే చోటికి ఎదురుగా రోడ్డు మీదికి తెరుచుకునే ముందుగది ఖాళీ అయిన రోజున ఆయనకు ఒకటే కల వచ్చింది. గదిలో ఫ్యాను, ఫ్యాను కింద చేతుల కుర్చీ, కుర్చీలో తను. ఎదురుగా ఎండలో బస్సు కోసం నిలబడ్డ జనం.

ఆ కుర్చీ ఇస్తానన్నవాడు చిన్ననాటి దోస్తు శ్రీశైలం. శ్రీశైలం పెట్టని దుకాణం లేదు, మూయని దుకాణమూ లేదు. చెప్పులు అమ్మాడు, చేపలు అమ్మాడు, ఇప్పుడు సెల్‌ఫోన్ల మీద పడ్డాడు. గది నాకు కిరాయికిస్తే డ్యూటీ లేనప్పుడల్లా నువ్వే సేటువి, గల్లాపెట్టె దగ్గర కూర్చో అన్నాడు. సేటు అనే మాట చెవిన పడగానే విజేందర్ కరిగి నీరైపోయి, చాయ్ హోటల్లోనే చేతిలో చెయ్యి వేసి మాటిచ్చేశాడు.

మాటిచ్చాక గుర్తొచ్చింది, ఇంట్లో భార్య ఉందని.

భార్య తిరుమల పిండివంటలు చేసి అమ్ముతుంది. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా, ఎవరి బిడ్డకు ఒడిబియ్యం పోసినా సకినాలు ఆమె చేతివే ఉండాలి. ఏడాదికి సరిపడా కారం కూడా ఆమె దగ్గరే చేయించుకుంటారు. ఆ ఇల్లేమో బస్సులాగే పొడుగు. ముందుగది, దాని వెనక హాలు, హాలు వెనక పడకగది, చిట్టచివర వంటిల్లు. వంటింటికి మూడు దిక్కులా పక్కవాళ్ల గోడలే. పైకప్పుకు బొక్క కొడదామంటే పైన అన్నగారి వాటా, ఆయన తన గచ్చు మీద చీమను కూడా నడవనివ్వడు. కాబట్టి పొగ ఎటూ పోలేక ఇంట్లో మనిషిలా తిరుగుతుంది.

ఆ పొగలో తిరుమలకు దగ్గు పట్టింది. ఇట్లనే పొగ మింగితే పొయ్యి పని బంద్ పెట్టాల్సి వస్తుందని దవాఖానలో గట్టిగానే చెప్పారు. పొయ్యి బంద్ పెట్టడమంటే ఆమెకు ఊపిరి బంద్ పెట్టడమే. అందుకని ముందుగది నాకియ్యి, గాలి తగిలే జాగాలో పొయ్యి పెట్టుకుంటానని చాలా రోజులుగా అడుగుతోంది.

విజేందర్ రాత్రంతా ఆలోచించాడు. భార్యకు కావలసింది గదా, గాలా? గాలే. గాలి ఇచ్చేస్తే గది మిగులుతుంది. తన తెలివికి తనే మురిసిపోయి, తెల్లారగానే ఆ ఉపాయం ఆమె ముందు పెట్టాడు.

"గది ఎందుకే నీకు? పొగతోటే కద బాధ. పొగకు నేను దారి చేస్త."

"ఏడికెళ్లి చేస్తవయ్య? మూడుదిక్కుల మంది గోడలాయె."

"నాలుగో దిక్కు మనదే కద. పడకగది గోడ కోస్త, హాలు గోడ కోస్త, ముందుగది మీదికెళ్లి గొట్టం తీసి రోడ్డు మీద ఇడుస్త. ఇంత పెద్ద ఫ్యాను పెడ్త. పొగ బస్సెక్కినట్టు పోతది."

"మరి దానికి టికెట్ కొడ్తవా?"

"గిట్ల ఎగతాళి చేస్తవనే నీకు ఏం చెప్పబుద్ధి కాదు."

తిరుమల కాసేపు ఆయన ముఖం చూసి, సరే కానియ్యి అంది. పెళ్లయిన నాటి నుంచి ఆయన పొద్దున చెప్పిన మాటకు ఆమె పొద్దుగూకక ముందు ఒప్పుకోవడం ఇదే మొదలు. తెలివైనవాడు అక్కడే అనుమానపడి ఉండేవాడు. విజేందర్ సంబరపడ్డాడు.

పనికి గాలయ్యను పిలిచాడు. గాలి పని గాలయ్య కాక ఇంకెవరు చేస్తారని తనే జోకు వేసి తనే నవ్వుకున్నాడు. గాలయ్యకు నల్లాల పని తెలుసు, కరెంటు పని తెలుసు, మేస్త్రీ పని కూడా కొంచెం తెలుసు. ఏది అడిగినా ఫికర్ చెయ్యకు సార్ అంటాడు. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే ఫికర్ చెయ్యడం మొదలుపెట్టాలన్న సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క విజేందర్‌కు తప్ప.

గుండ్రంగా గోడ కోసే మిషను పెట్టి గాలయ్య మొదటి గోడలోకి దిగాడు. అది సగం లోతు పోయిందో లేదో ఠప్పుమని ఇల్లంతా చీకటైంది. ఇల్లు కట్టేటప్పుడు వైరు కలిసొస్తుందని గోడలో అడ్డదిడ్డంగా ఏటవాలుగా లాగించింది విజేందరే. సరిగ్గా ఆ వైరే మిషను కిందికి వచ్చింది. ఎవరు చేసిన వైరింగ్ సార్ ఇది, బుద్ధి ఉందా వానికి అని గాలయ్య తిడుతుంటే, విజేందర్ కూడా గొంతు కలిపి, ఎవడో పిచ్చోడు అని తిట్టాడు.

వైరు అతికించాక, రెండో గోడ బొక్క హాలులోకి తేలాలి. తేలింది, కానీ సజ్జ మీదికి తేలింది. సజ్జ మీద తిరుమల పుట్టింటి వాళ్లు పెట్టిన ఇత్తడి బిందెలు, గంగాళాలు, స్టీలు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మిషను తగలగానే అవి వరసగా కిందికి దిగాయి. ఆ చప్పుడుకు పై వాటాలో అన్న భూకంపమనుకుని లుంగీ మీదే రోడ్డు మీదికి ఉరికాడు. తిరుమల సొట్టలు పడ్డ బిందెను అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టింది. ఆమె తిట్టి ఉంటే విజేందర్‌కు ఇంకా నయంగా ఉండేది.

ఎర్రటి ఇటుకపొడి నెత్తి నిండా పడినా, ఆయన అట్లనే డ్యూటీకి పోయాడు. బస్సులో ఒక ముసలాయన, ఏ జాతరకు పోయొచ్చినవ్ బిడ్డా అని ప్రసాదం అడిగాడు.

పోయే ముందు గాలయ్యకు ఒక్కటే చెప్పాడు. రోడ్డు వైపు తేలిన గొట్టం మూతిని పైకి తిప్పి, అన్న డాబా దాటించాలి. పొగ ఆకాశానికి పోవాలి. సాయంత్రం వచ్చి చూస్తే మూతి కిందికి, బస్సుల కోసం జనం నిలబడే దిక్కుకు తిరిగి ఉంది. అదేందని అడిగితే, తిరుమలక్క గట్లనే పెట్టమన్నది సార్, వానకు లోపలికి నీళ్లు రావట, ఫికర్ చెయ్యకు అన్నాడు గాలయ్య. ఆ మాటా నిజమే కదా అనుకున్నాడు విజేందర్.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఫ్యాను బ్రహ్మాండంగా లాగింది. తిరుమల మూకుడు పెట్టి సకినాలు కాల్చింది. పొగ వెండిరంగు గొట్టంలో దూరి, పడకగది దాటి, హాలు దాటి బయటికి పోయింది. ఆమె దగ్గకుండా వంట చేయడం ఎన్నాళ్ల తర్వాతో చూసి విజేందర్‌కు కడుపు నిండినట్టయింది. ఆ సంతోషంలోనే, ముందుగది శ్రీశైలానికి కిరాయికిస్తున్నానని మెల్లగా బయటపెట్టాడు. మంచిదే కదా అంది తిరుమల. ఇది రెండోసారి. అయినా ఆయనకు అనుమానం రాలేదు.

దుకాణం తెరిచిన రోజు శ్రీశైలం కొబ్బరికాయ కొట్టాడు. అద్దాల పెట్టెలో ఫోన్లు మెరుస్తున్నాయి. విజేందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు, కాలు మీద కాలు కూడా వేసుకున్నాడు. ఎదురుగా జనం ఎండలో నిలబడి ఉన్నారు. స్వర్గమంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

అప్పుడే గొట్టంలోంచి నువ్వులు, వాము కలిసిన కమ్మటి వాసన దిగి, బస్సు కోసం నిలబడ్డవాళ్ల ముక్కుల్లోకి పోయింది. ఒకాయన లోపలికి వచ్చి, సకినాలున్నయా అన్నాడు. ఫోన్ల కవర్లున్నయన్నాడు శ్రీశైలం. ఆయన పోయాడు, ఇంకొకామె వచ్చింది, అదే మాట అడిగింది. మధ్యాహ్నానికి శ్రీశైలం గొంతు పోయింది గానీ ఒక్క ఫోను పోలేదు.

విజేందర్ లోపలికి పోయి కాసేపు పొయ్యి ఆపమన్నాడు. సకినాలు కాల్చుడు అయిపోయింది, ఇగ మిరపకాయలే ఏంచాలె, రేపటికి ఇస్తనని ఒప్పుకున్న కారం అంది తిరుమల.

ఆయన తిరిగి కుర్చీ దాకా వచ్చేలోపే ఘాటు కూడా వచ్చేసింది. ఆటో అడ్డా మీద మొదలైన తుమ్ములు బడ్డీకొట్ల మీదుగా బస్సు దాకా పాకాయి. ఫోను కొనడానికి పైసలు తీస్తున్న ఒకే ఒక్క మనిషి ఆ పైసలతోనే ముక్కు మూసుకుని పారిపోయాడు. విజేందర్‌కు ఏం తోచక గోనెసంచి తెచ్చి, కుర్చీని గడపలోకి లాగి ఎక్కి, గొట్టం మూతిలో కుక్కాడు.

పొగ ఊరుకుంటుందా? వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. గొట్టం ఉబ్బింది. గొట్టం జానెడు తక్కువైతే ఏమవుతుందని విజేందర్ టేపు చుట్టి కలిపిన అతుకు ముందుగదిలోనే విడిపోయింది. గొట్టం కిందికి జారి ఆయన మెడలో పడింది. కుర్చీ మీద, దండ వేసిన నాయకుడిలా నిలబడి ఆయన తుమ్ముతుంటే, రోడ్డంతా ఆగి చూసింది.

అప్పుడు తిరుమల బయటికి వచ్చింది. చేతిలో పెద్ద తట్ట, తట్ట నిండా వేడి సకినాలు. ఆమె వెనక ఇంకో తట్టతో శ్రీశైలం భార్య సుక్కమ్మ. ఘాటుకు తకిలీఫయింది, ఏమనుకోకుర్రి, తలా ఒకటి తినుర్రి అని ఇద్దరూ పంచారు. తిన్నవాళ్లు ఇంకొకటి అడిగారు. ఆ తర్వాత కిలోల్లో అడిగారు. శ్రీశైలం ఎంతైనా దుకాణాల మనిషి, చెయ్యి ఊరుకోలేదు. ఫోన్లు పక్కకు జరిపి తూకం మొదలుపెట్టాడు. పొద్దుగూకేసరికి తట్టలు ఖాళీ. అమ్మకానికి పెట్టినదంతా అమ్ముడుపోవడం శ్రీశైలం బతుకులో అదే మొదలు కాబట్టి, ఇగ ఇదే దుకాణం దోస్తూ, వదినె చేస్తది, మేము అమ్ముతం అని తేల్చేశాడు. సుక్కమ్మ అప్పటికే పిండి కలిపిన పెద్ద గంజు తెచ్చి విజేందర్ కుర్చీలో పెట్టింది.

అందరూ పోయాక విజేందర్ నేల మీద చతికిలబడ్డాడు.

"సుక్కమ్మ గీడికెట్ల వచ్చిందే?"

"ఆమె నాతోటి మహిళా సంఘంల ఉంటది. నువ్వు చాయ్ హోటల్ల మాటిచ్చిన నాడే నాకు ఎరుకైంది."

"ఎరుకైతే అప్పుడే అడగకపోయినవా? ఇల్లంత కొయ్యనిస్తివి."

"అడిగితె కాదంటవ్. ఒక్కసారి కాదన్నంక దాని మీద్నే కూసుంటవ్. నాకు అమ్మెటందుకు గది గావాలె, వంటింట్ల గాలి గూడ గావాలె. మిరపకాయలు ముందుగదిల రోడ్డు మీద ఏంచితే మంది తంతరు కద. గోడలు కొయ్యమని నేను చెప్తే కోస్తుంటివా? నీ కుర్చీ కోసమంటే మూడు గోడలు కోసినవ్."

విజేందర్ తల ఎత్తి, విడిపోయిన గొట్టం దిక్కు చూశాడు.

"రేపు గాలయ్యతోటి ఆ మూతి తిరిగేటట్టు చేపియ్యి" అంది తిరుమల. "సకినాలప్పుడు కిందికి, కారమప్పుడు పైకి. పైన పెద్దబావకు నేను చెప్పుకుంట."

ఇంత పొడుగు మాటలు ఆమె ఒక్క దమ్ములో చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గు రాలేదు. అది గమనించాక ఆయనకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మరి నేనేం చెయ్యాలె అని అడిగాడు.

"నువ్వులు కడుగు. పొద్దుగాల్నే గావాలె."

విజేందర్ చొక్కా చేతులు మడుచుకుని వంటింట్లోకి పోయాడు.