నా కారు వెనక చక్రాల మీద జరుగుతున్న దుష్ప్రచారం

కారన్నాక తిన్నగా పోవాలని ఎక్కడ రాసి ఉందండీ? నన్నడిగితే, తిన్నగా పోయే కారంత దండగమారి వస్తువు లోకంలో ఇంకొకటి లేదు!

నాకొక పాత కారుంది. వయసులో నాకంటే రెండేళ్లు పెద్దది. కొన్న నెలకే వీడియోలు చూసి, నా చేత్తో నేనే దాని స్ప్రింగులు పొట్టి చేసి, కారుని నేలకి దించాను. ఏం అందమండీ! కింద నుంచి వెళ్లాలంటే చీమైనా తల వంచాల్సిందే. కాకపోతే ఆ మర్నాటి నుంచి వెనక చక్రాల పైభాగం లోపలికి వాలిపోయింది. అందులో ఒకటి పక్కచూపులు కూడా మొదలుపెట్టింది. కారు ముక్కు ఒక దిక్కు, తోక ఒక దిక్కు.

దీన్ని లోపమంటారు లోకులు. లోకులు పలుగాకులు!

నేను రోడ్డెక్కితే ఎదురొచ్చే లారీలు సైతం ఆగిపోతాయి. ఎటు తిరుగుతానో వాళ్లకేం తెలుసు? నాకే తెలియదు! ఈ మర్యాద మంత్రులకైనా దక్కుతుందా? స్టీరింగుని ఎప్పుడూ కుడివైపు బిగబట్టి ఉంచాలి కాబట్టి భుజాలు ఉక్కుముక్కల్లా తయారయ్యాయి. జిమ్ములకి పోయేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఇక టైర్లంటారా, బయటి అంచు కొత్త పెళ్లికొడుకు, లోపలి అంచు బోడిగుండు. పైకి చూసి మెచ్చుకునేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? టైర్ల షాపాయన నేను కనబడగానే కుర్చీ తుడుస్తాడు.

దొంగల భయం కూడా లేదు. ఒకడు ఎత్తుకెళ్లాడు. వీధి మలుపు దాకా వెళ్లి, కారక్కడే వదిలేసి, నడుచుకుంటూ పోయాడు. తలుపు మాత్రం జాగ్రత్తగా వేసి వెళ్లాడు, మంచివాడు.

ఇన్ని సుగుణాలున్న కారులో మా ఆవిడ ఎనిమిది నెలలుగా కాలు పెట్టలేదు.

ఆవిడ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. గుడ్డ నూలుపోగంత పక్కకి జరిగినా పట్టేస్తుంది. ఒక వానరోజు మలుపులో కారు తోక జారి, మేమిద్దరం మురిక్కాలవకి వెంట్రుకవాసి దూరంలో ఆగాం. ఇంటి ముందు నీటిగుంట దాటి కారాపగానే ఆవిడ దిగి, వెనక్కి చూపించింది.

“ఇటు చూడండి. రోడ్డు తిన్నగానే ఉంది, మీరూ తిన్నగానే వచ్చారు. రెండు గీతలు పడాల్సిన చోట నాలుగు పడ్డాయి. వెనక చక్రాలు వంకరండీ.”

“నీకేం తెలుసే?” అన్నాను. నా దగ్గర రుజువుంది మరి! అలైన్‌మెంట్ సెంటర్‌వాళ్లు మెషీన్ పెట్టి, ముందు చక్రాలు సరిచేసి, రంగు కాగితం ఇచ్చారు. ముందువన్నీ పచ్చరంగు. వెనకవి ఎర్రగా ఉన్నాయేమని అడిగితే, “వెనకవాటికి సర్దుబాటుండదు సార్, పట్టించుకోకండి” అన్నారు. కాగితం అబద్ధమాడుతుందా?

ఆవిడ మర్నాటి నుంచి బస్సెక్కింది. ఇద్దరిదీ ఒకే దారి కాబట్టి నేను ఆ బస్సు వెనకాలే వెళ్లేవాణ్ణి. పక్కసీటు ఖాళీగా ఉంటే దిగులేసేది. నిజం చెప్పొద్దూ, ఆ కారు కొన్నదే ఆవిడ పక్కన కూర్చుంటుందని.

చివరికి టైర్ల షాపాయనకే జాలేసి, నన్నొక పెద్దమేస్త్రి దగ్గరికి పంపాడు. ఆయన దగ్గర మెషీనే లేదు. నాలుగు స్టాండ్లు నిలబెట్టి, కారుకి రెండువైపులా దారాలు లాగి కట్టాడు. ఒక కన్ను మూసి చూశాడు.

“వెనక చక్రాలు వంకర సార్,” అన్నాడు. “ముందువి ఎన్నిసార్లు సరిచేసినా లాభం లేదు. కారుని నడిపించేవి ముందువే గానీ, దాని దారి తేల్చేవి వెనకవి.”

ఆహా! ఎంత జ్ఞానం! అక్కడికక్కడే తలూపేశాను. ఆయన కారుని రెండు వేళ్ల ఎత్తు పైకి లేపి, వెనక చక్రాల దగ్గర పలచని ఇనుపబిళ్లలు పెట్టి, మళ్లీ దారాలు లాగి చూసి, ఆ తర్వాతే ముందువాటి జోలికెళ్లాడు. కారు దారం పట్టినట్టు పోయింది.

పొద్దున్నే ఇంటి ముందు నీళ్లు చల్లి, వాటి మీదుగా కారు నడిపి, మా ఆవిడకి చూపించాను. రెండే గీతలు! ఆవిడ వంగి, జానపెట్టి కొలిచి మరీ చూసింది.

“బాగయింది. వంకరని ఎవరు చెప్పారు?”

“పెద్దమేస్త్రి. ఒక్క చూపులో పట్టేశాడు తెలుసా! మహానుభావుడు.”

ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

“నేను ఎనిమిది నెలల క్రితం చెప్తే నీకేం తెలుసన్నారు. ఆయన ఒక్క ముక్క చెప్తే తలూపారు. ఆయన్నే ఎక్కించుకుని తిరగండి,” అని బస్టాపుకి వెళ్లిపోయింది.

పాఠకులారా, నేను చెప్పిన మాట వినే మనిషిని. ఆవిడ చెప్పినట్టే వెళ్లి పెద్దమేస్త్రిని అడిగాను. రావడానికి ఆయనకి అభ్యంతరం లేదట. కాకపోతే, ఇంట్లో అడిగి చెప్తానన్నాడు.