బాంబ్ షెల్టర్‌లో పొట్టేలు

శనివారం ఉపేంద్రకు సెలవు. వారమంతా జురాంగ్ ఐలాండ్‌లో రిఫైనరీ పైపుల మధ్య తిరిగిన మనిషి కాబట్టి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, కింద తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో నింపాదిగా కాఫీ తాగి, మళ్ళీ వచ్చి పడుకోవాలనుకున్నాడు. ఇంతకన్నా నిరపాయమైన కార్యక్రమం సింగపూర్‌లో మరొకటి ఉండదు.

ఇస్త్రీపెట్టె కోసం బాంబ్ షెల్టర్ తలుపు తీశాడు. యుద్ధమొస్తే దాక్కోవడానికని ఇక్కడి ఫ్లాట్లలో ఓ ఉక్కు తలుపు గది కట్టి ఇస్తారు. యుద్ధం వచ్చేలోగా ఉపేంద్ర కుటుంబం అందులో సోనామసూరి బస్తాలు పెట్టుకుంటోంది. ఇవాళ బస్తా మీద ఓ పొట్టేలు తల కూర్చుని ఉంది. మనిషి తలకు తొడుక్కునే బొమ్మ తల. మెలితిరిగిన కొమ్ములు, గాజు కళ్ళు, మెడకు నీలం మఫ్లరు. మఫ్లరు మీద ఊరికి అటు చివరనున్న నీలం స్కూలు ముద్ర.

ఉపేంద్ర కూతురు అమూల్య చదివేది ఎర్ర స్కూల్లో. రెండూ అమెరికన్ పద్ధతి స్కూళ్ళే, రెండింటికీ ఉప్పూ నిప్పూ. ఎర్ర స్కూలు పుట్టి డెబ్బై ఏళ్ళయిన సందర్భంగా, ఈ వారమంతా పంతొమ్మిది వందల యాభైల నాటి అమెరికా హైస్కూళ్ళలా బతకాలని రెండు స్కూళ్ళూ తీర్మానించుకున్నాయి. పిల్లలు జుట్టుకు నూనె రాసుకోవాలి, అప్పటి గౌన్లు వేసుకోవాలి, అప్పటి ఆచారాలన్నీ పాటించాలి, వారం చివర రెండు స్కూళ్ళూ మ్యాచ్ ఆడాలి. స్కూలు పంపిన మెయిల్ చాలా పొడుగ్గా ఉంది. ఉపేంద్ర నూనె దాకా చదివి, మంచిదేనని మూసేశాడు.

అంతలో అమూల్య తన గదిలో, మాట చివర ఇక్కడివాళ్ళలా "లా" తగిలిస్తూ ఫోన్ మాట్లాడడం వినిపించింది.

"రిలాక్స్ లా! బ్లూ వాళ్ళు వెతుకుతూనే ఉన్నారు. మా ఇంట్లో ఉందని వాళ్ళకి కల్లో కూడా రాదు."

కాసేపటికి "బై నాన్నా, సాయంత్రం మ్యాచ్!" అంటూ పిల్ల తుర్రుమంది.

ఉపేంద్ర షెల్టర్ తలుపు చప్పున మూసేశాడు. దొంగతనం! అదీ సింగపూర్లో, లిఫ్టు లిఫ్టుకీ కెమెరా ఉన్నచోట! పిల్ల ఆ స్కూల్లో చేరి నాలుగు నెలలు కాలేదు. తెలిస్తే ఉన్నపళంగా పంపించేస్తారు. వన్-నార్త్‌లో ల్యాబ్‌కి వెళ్ళిన భార్య రజితకు ఫోన్ చేశాడు.

"అమ్మాయిని అడిగారా?" అంది రజిత అంతా విని.

"దొంగతనం చేశావా అని కన్నకూతుర్ని ఎలా అడుగుతానే?"

"నోటితోనే అడగండి."

ఉపేంద్ర ఫోన్ పెట్టేశాడు. ఎవరికీ తెలియకముందే సొత్తు చేర్చేస్తే గొడవే ఉండదు. పొట్టేలును దుప్పట్లో చుట్టి, చంకనెత్తుకుని ట్రైనెక్కాడు. ఒకమ్మాయి చంటిబిడ్డ అనుకుని లేచి సీటిచ్చింది. కూర్చున్నాక దుప్పట్లోంచి కొమ్ము బయటికొచ్చింది. ఆ అమ్మాయి పక్క పెట్టెలోకి వెళ్ళిపోయింది.

నీలం స్కూల్లో పిల్లలంతా హాల్లో ఉన్నారు. గుమ్మం బయట బూట్లు గుట్టగా పడున్నాయి. లోపల నూనె తలల కుర్రాళ్ళు, గొడుగు గౌన్ల ఆడపిల్లలు మేజోళ్ళతో గంతులేస్తున్నారు. ఆ రోజుల్లో కొత్త చెక్కనేల గీసుకుపోతుందని అలాగే ఆడేవారట. ఉపేంద్రకు అదేం తెలుసు? పద్ధతి తెలిసిన పిల్లలేనని మెచ్చుకుని, తనూ చెప్పులు విప్పి లోపలికి నడిచి, దుప్పటి తీసి చేతులు జోడించాడు.

"ఎర్ర స్కూల్లో ఓ పాప పొరపాటున తీసుకెళ్ళింది. పేరడక్కండి. క్షమించేయండి."

మరుక్షణం హాలు కప్పెగిరిపోయేలా కేక లేచింది. కుర్రాళ్ళు ఉపేంద్రను భుజాలకెత్తుకున్నారు. వాళ్ళ కెప్టెన్, మేటి ఆటగాళ్ళకు మాత్రమే ఇచ్చే నీలం ఉన్నికోటు తెచ్చి ఆ ఉక్కలో ఆయనకు తొడిగాడు. ఫొటోలు తీశారు. క్షమించడంలో ఇంత ఉత్సాహం ఉపేంద్ర ఎక్కడా చూడలేదు. కళ్ళు చెమర్చాయి.

ఫొటో ఎర్ర స్కూలుకు చేరింది. వెంటనే అమూల్య ఫోన్.

"నాన్నా, ఏం చేశావ్?" గొంతు నిండా ఏడుపు.

"ఏడవకు తల్లీ. తిరిగిచ్చేశాను."

"అది మన పొట్టేలు నాన్నా, మన టీమ్ గుర్తు! రెడ్ స్కూల్‌ది! మ్యాచ్ లోపు అవతలివాళ్ళు దొంగిలించాలి, మనం దాచుకోవాలి. అదీ ఆచారం! చూసినా గుర్తుపట్టకూడదని నేనే వాళ్ళ మఫ్లర్ కట్టాను."

"అయ్యో!"

"ఇక్కడ ఇన్నాళ్ళూ నాతో ఒక్కళ్ళూ మాట్లాడలేదు. రోజూ ఒక్కదాన్నే కూర్చుని తింటా. మొదటిసారి నన్ను నమ్మి అది ఇచ్చారు. ఇప్పుడు 'మీ డాడీయే మనల్ని బ్లూ వాళ్ళకి అమ్మేశాడు' అంటున్నారు."

స్కూలెలా ఉందని అడిగినప్పుడల్లా పిల్ల "ఓకే లా" అనేది. ఉపేంద్ర కూడా ఓకే అనుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. కెప్టెన్ దగ్గరికెళ్ళి పొట్టేలును ఇచ్చేయమని బతిమాలాడు.

"సారీ అంకుల్, ఆచారం ఒప్పుకోదు," అన్నాడు ఆ కుర్రాడు మర్యాదగా. "కావాలంటే దొంగిలించుకోవాల్సిందే."

ఉపేంద్ర ఒకసారి పొట్టేలుకేసి, ఒకసారి గుమ్మంకేసి చూశాడు.

"పోనీ, తలకు పెట్టుకుని ఓ ఫొటో దిగనా బాబూ? మా ఆవిడకు చూపించాలి."

"ష్యూర్ అంకుల్!"

పెట్టుకున్నాడు. ఇక్కడ వెలుతురు చాలదన్నాడు. గుమ్మం దగ్గరా చాలదన్నాడు. మెట్ల దగ్గరికొచ్చేసరికి పరుగందుకున్నాడు. వెనక కుర్రాళ్ళు ఒక్కసారిగా లేచి, నున్నటి చెక్కనేల మీద మేజోళ్ళతో జర్రున జారి ఒకరి మీదొకరు పడ్డారు. గేటు దగ్గర కాపలాదారు నీలం కోటు చూసి, సొంత మనిషేననుకుని సెల్యూట్ కొట్టి గేటు తీశాడు.

మ్యాచ్ మొదలవుతుండగా ఎర్ర స్కూలు మైదానంలోకి టాక్సీ దిగి ఒక పొట్టేలు వట్టికాళ్ళతో పరిగెత్తుకొచ్చింది. జనమంతా లేచి నిలబడ్డారు. అమూల్య ఒక్క అంగలో వచ్చి దాన్ని వాటేసుకుంది. ఆమె వెనకే పిల్లల గుంపు, ఆమె పేరు పెట్టి అరుస్తూ. పొట్టేలు లోపల ఉపేంద్ర ఏడుస్తున్న సంగతి ఎవరికీ కనిపించలేదు.

మ్యాచయ్యాక అమూల్య కొత్త స్నేహితులతో ఐస్‌క్రీముకు వెళ్ళింది. రజిత భోజనం వడ్డిస్తూ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"అయితే పట్టపగలు ఇంకో స్కూల్లో దూరి, పిల్లల కళ్ళుగప్పి ఎత్తుకొచ్చారన్నమాట. దాన్నేమంటారండీ?"

"సంప్రదాయం," అని ఉపేంద్ర పప్పు వడ్డించమన్నాడు.