మూడంగుళాల అసూయ

అసూయకు కొలత ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. టేపు మాస్టారి అసూయ సరిగ్గా మూడంగుళాలు. అది ఎలా తేలిందో చెబుతాను.

మాస్టారిది బట్టలు కుట్టే వృత్తి. ఇంటి ముందు గదే దుకాణం. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. టీ తాగుతుంటే దాని కొస గ్లాసులో మునుగుతుంది, ఆయన దాన్ని పిండుకుని మళ్లీ కొలతలు తీస్తారు.

ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో టీచరు. వారమంతా పక్క సీట్లో కూర్చుని "నిదానం, నిదానం, కాలు బ్రేకు మీద ఉంచండి" అని జనానికి నేర్పుతుంది. ఆదివారం రాగానే తన పాత కారు తీసుకుని ఊరి చివర తారు మైదానానికి వెళ్లి, వారమంతా ఎవర్నీ చెయ్యవద్దన్నవన్నీ తను చేస్తుంది. కారును అడ్డంగా జారిస్తూ, పొగ లేపుతూ మలుపులు తిప్పుతుంది. ఆ ఆటను డ్రిఫ్టింగ్ అంటారు. మాస్టారు మాత్రం "టైర్లు తగలేయడం" అంటారు.

ఆటతో ఆయనకు పేచీ లేదు. కడుపులో తిప్పుతుందని ఏనాడూ ఆ కారెక్కలేదు, అంతే. పేచీ అంతా ఆ కారు బాగుచేసే మెకానిక్కుతో వచ్చింది.

మొహానికి గ్రీజు అంటితే మనలాంటివాళ్లం మసిగుడ్డలా ఉంటాం. అతను కాటుక దిద్దుకున్నట్టు ఉంటాడు. పైగా వంకీల జుట్టు. మాస్టారికి వంకీలూ లేవు, జుట్టూ లేదు. కడుపుమంటతో అతనికి 'గ్రీజు మన్మథుడు' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు తన కుట్టుమిషన్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు ఆవిడ గుమ్మంలో నిలబడి అంది.

"ఏవండీ, కారుకి హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకు పెట్టిద్దామనుకుంటున్నా. మామూలుది తీగతో లాగుతుంది. అది పట్టుకునేసరికి మలుపే అయిపోతోంది. ఇదైతే లాగీ లాగగానే ఆయిల్ ఒత్తిడికి వెనక చక్రాలు రెండూ బిగుసుకుంటాయి."

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, మెకానిక్కు."

"అదీ సంగతి," అని మాస్టారు సూదిలోకి దారం ఎక్కించబోయి వేల్లోకి సూది ఎక్కించుకున్నారు.

ఆ వారమంతా ఫోన్లే ఫోన్లు. బ్రేకు లాగే లివరు నిలువుది మంచిదా, అడ్డది మంచిదా? పొడుగుదా, పొట్టిదా? మధ్య మధ్యలో ఆవిడ పకపకా నవ్వు. మాస్టారి చేతులు మిషన్ మీద, చెవులు పక్కగదిలో. ఆ ధ్యాసలో ఓ పెద్దమనిషి చొక్కాకు రెండు కాలర్లు కుట్టేశారు.

"ఏవండీ, నిలువుదైతే స్టీరింగ్ పక్కనే ఉంటుంది. అడ్డదైతే కిందకి వంగాలి. మీరేమంటారు?"

"నన్నెందుకడగడం? అడగాల్సినవాళ్లని అడిగావుగా, నవ్వుతూ."

"నవ్వితే తప్పా?"

"నాతో అలా ఎప్పుడైనా నవ్వావా?"

"మీరెప్పుడైనా జోకు వేశారా?"

మాస్టారు వెంటనే ఒక జోకు వేద్దామని చూశారు. తట్టలేదు. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

"సరే, నిలువుదే ఖాయం," అంది ఆవిడ. "ఎక్కడ బిగించాలన్నది నా చెయ్యి పొడుగుని బట్టి ఉంటుందట. రేపు అతనే టేపు తీసుకొచ్చి కొలుస్తానన్నాడు."

టేపా! మాస్టారి అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ చేతిని ఇంకొకరి టేపు తాకలేదు.

"ఇంట్లో నేను చచ్చాననుకున్నాడా? లే, నిలబడు. చెయ్యి చాపు."

ఆవిడ చెయ్యి చాపింది. భుజం నుంచి మణికట్టు దాకా ఇరవై రెండు అంగుళాలు. ఆ అంకె మాస్టారు నిద్రలో కూడా చెప్పగలరు. కానీ టేపు వేలి కింద ఉండగానే ఆయన బుర్రలో పురుగు మెదిలింది. చొక్కా బిగుతైతే గుడ్డను ఎవరూ తిట్టరు, కుట్టినవాణ్ణే తిడతారు. లివరు ఇరుకైనా అంతే కదా. ఒక్క ఆదివారం మన్మథుడు నాలుగు తిట్లు తింటే ఆ నవ్వులన్నీ ఆగిపోతాయి.

"పంతొమ్మిది," అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయన మొహంలోకి ఓ క్షణం చూసింది. "సరిగ్గా కొలిచారా?"

"నా టేపునే అనుమానిస్తున్నావా?"

"అయ్యో, ఎంతమాట! మీరెంత అంటే అంతే," అని లోపలికి వెళ్లి ఫోనందుకుంది.

ఆదివారం మాస్టారు మొదటిసారి మైదానానికి వెళ్లారు. తిట్లు చెవులారా వినాలి కదా మరి. కారులో కొత్త లివరు నల్లగా మెరుస్తూ నిటారుగా నిలబడి ఉంది, డ్రైవరు సీటుకు మరీ దగ్గరగా. చూడగానే ఆయన కడుపు చల్లబడింది.

"మేడం, మొదటి ట్రయలు కదా. పక్క సీట్లో మనిషి ఉంటే మంచిది. నేను కూర్చుంటాను," అన్నాడు మెకానిక్కు.

"అక్కర్లేదు!" మాస్టారు ఒక్క గంతు వేశారు. "నేనున్నాను."

"మీకు కడుపులో తిప్పుతుందిగా?" అంది ఆవిడ.

"తిప్పనీ!"

హెల్మెట్ పెట్టారు, బెల్టు బిగించారు. కారు దూసుకెళ్లింది. మొదటి మలుపు రాగానే ఆవిడ లివరు లాగింది. చక్రాలు బిగుసుకున్నాయి, కారు అడ్డం తిరిగింది, ఆవిడ మోచెయ్యి వచ్చి మాస్టారి డొక్కలో దిగింది.

"అమ్మో!"

"అయ్యో, తగిలిందా? ఏం చెయ్యనండీ, లివరు దగ్గరైపోయింది. చెయ్యి వెనక్కి పోవడానికి చోటు లేక పక్కకొస్తోంది."

"అయితే తిట్టు వాణ్ణి!"

"ఎవర్ని?"

"బిగించినవాణ్ణి!"

"అతనిదేం తప్పండీ? మీ కొలత ప్రకారమే బిగించాడు. ఉండండి, ఇంకో మలుపు."

ఇంకో మోచెయ్యి. ఆపైన ఎన్ని తగిలాయో ఆయన లెక్కపెట్టలేదు. ఆకాశం కుడివైపు నుంచి వచ్చి ఎడమవైపుకు పోతోంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని విన్నారు గానీ, గొయ్యి ఇలా గుండ్రంగా తిరుగుతుందని ఆయనకు తెలియదు.

కారు ఆగాక మాస్టారు దిగి, నేల నిలకడగా ఉందో లేదో కాలితో తట్టి చూసుకున్నారు. మెకానిక్కు నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, నాకు ముందే అనుమానమొచ్చిందండీ. మళ్లీ కొలుద్దామన్నా. మేడం ఒప్పుకుంటేనా! మా ఆయన టేపు అబద్ధం చెప్పదు, ఆయనెంతంటే అంతకే బిగించు అన్నారు. మేడం వేసుకున్న ఆ డ్రైవింగ్ సూటు మీరు కుట్టిందేనని ఇక్కడ అందరికీ చూపిస్తారు కూడా."

మాస్టారు సిగ్గుతో చచ్చిపోయారు. డొక్క నొప్పి కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. మెల్లగా భార్య దగ్గరికి నడిచారు.

"ఏమేవ్... నీ చెయ్యి మూడంగుళాలు తగ్గించి చెప్పాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు చెప్పినప్పుడే. నా సూటు చెయ్యి ఎంత పొడుగుందో నాకు తెలీదా? రాత్రికి రాత్రి ముడుచుకుపోడానికి ఇదేమన్నా నూలుగుడ్డా?"

"మరి తెలిసీ ఎందుకు బిగించమన్నావ్?"

"ఎన్నేళ్లుగా రమ్మంటున్నానండీ? ఒక్కసారైనా ఆ సీట్లో కూర్చున్నారా? కొలత తప్పు చెప్పారంటే, తమాషా చూడ్డానికైనా మైదానానికి వస్తారనుకున్నా. అతను కూర్చుంటానంటే మీరే పరుగెత్తుకొస్తారని తెలుసు. అలా అనమని చెప్పిందే నేను."

మాస్టారు మెకానిక్కు వైపు చూశారు. అతను తల గోక్కుంటూ రెంచి తుడుచుకోవడంలో పడ్డాడు.

"పోనీ ఇంత ఖర్చూ వృథా అయిందా?" అన్నారు మాస్టారు నీరసంగా.

ఆవిడ ఆ రెంచి అందుకుని లివరు కింద రెండు బోల్టులు వదులు చేసింది. లివరు పట్టాల మీద ముందుకు జరిగింది.

"ఇతను ఒకేచోట బిగించే లివర్లు కూడా చూపించాడు. ఇదైతే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఒకసారి కుదిరాక మళ్లీ జరిపే పనేముంది మేడం అన్నాడు. పంతొమ్మిది అని విన్నాక ఇదే తెమ్మన్నా. మిమ్మల్ని కట్టుకున్నాక సర్దుబాటు ఉన్నదే కొనుక్కోవాలి కదండీ. ఊఁ, ఇప్పుడు కొలవండి."

అందరి ముందూ మాస్టారు మెడలోంచి టేపు తీశారు. "ఇరవై రెండు," అన్నారు, వినీ వినపడకుండా. లివరు దాని చోట అది కూర్చుంది.

"ఇంకో రౌండు వెళ్తున్నా. మీరొస్తారా, అతన్ని రమ్మననా?"

మాస్టారు ఎక్కి బెల్టు పెట్టుకున్నారు.

మొదటి మలుపులో లివరు వెన్నలా కదిలింది. ఆవిడ చేతికి కావలసినంత చోటుంది. అయినా మోచెయ్యి వచ్చి అదే డొక్కలో దిగింది.

"ఇదేంటే! ఇప్పుడు చోటుందిగా!"

"ఉందండీ. ఇది కొలతకి కాదు. గ్రీజు మన్మథుడు అన్నందుకు."

మిషన్ చప్పుడులో ఎవరికీ వినపడదని ఆ పేరుతో అతన్ని రోజూ తిట్టుకున్నారు మాస్టారు. తన మాట తనకు వినపడాలని గట్టిగానే తిట్టుకున్నారు. చప్పుడును దాటి తనకు వినపడింది పక్కగదికి వినపడదా అన్న ఆలోచన ఆయనకు ఆ మలుపులోనే మొదటిసారి వచ్చింది. రెండో మలుపు రాకముందే రెండు చేతులూ డొక్కకు అడ్డం పెట్టుకున్నారు.

పక్కనుంచి ఆవిడ పకపకా నవ్వింది.