కొత్త చిక్కుళ్ళ కూర

బుధవారం పొద్దున రాజ్యశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రానికి ఒక కూర వండాలి, గంగక్కకు, పగిడయ్యకు కడుపునిండా పెట్టాలి, గురువారం తొలి బస్సెక్కాలి.

మధిర దగ్గరి నుంచి బూర్గంపాడు అవతలి అడవి ఊరికి వేసవి చివర పంతులమ్మగా వచ్చిన ఆమెకు ఆరు నెలలకే బదిలీ కాగితం వచ్చింది. ఆ ఆరు నెలలూ గంగక్క ఇంట్లోనే కిరాయికి ఉంది. జ్వరం వస్తే గంగక్క గంజి కాచి తాగించింది. వాగు పొంగితే ఆమె భర్త పగిడయ్య బడిదాకా తోడు నడిచాడు. వాళ్ళకు తన చేతి ముద్ద ఒక్కటైనా పెట్టకుండా వెళ్తే ఆ లోటు మళ్ళీ తీరదు. వెళ్ళేవాళ్ళందరూ మళ్ళీ వస్తామనే అంటారు.

రాజ్యశ్రీ ఇంట్లో నీచు వండరు. కూరగాయలతోనే, అడవిలో కష్టపడి వచ్చినవాళ్ళ కడుపుకు ఆనేలా వండాలి. పెరటి దడి మీద చిక్కుడు తీగ విరగకాసి ఉంది. "పెరట్ల ఏది కాసినా తెంపుకో బిడ్డా, నన్నడగకు," అని రాజ్యశ్రీ వచ్చిన రోజే గంగక్క చెప్పింది. భార్యాభర్తలు అడవికి వెళ్ళగానే రాజ్యశ్రీ తీగ మొత్తం దులిపేసింది. ముదురు కాయల గింజలు ఒలిచి, లేతవి తుంచి, వంకాయలు, చింతపులుసు, నువ్వుల పొడి సిద్ధం చేసుకుని, ముందే తెలియకూడదని గది తలుపు వేసుకుంది.

పొద్దు వాలుతుండగా వచ్చిన గంగక్క దడి చూసి నెత్తిమీది మోపు కింద పడేసింది.

"ఏందయ్యా, తీగ బోసిపోయింది?"

"మేకే," అన్నాడు పగిడయ్య. పక్కింటి చిరంజీవి మేక మీద ఆయనకు పాత అనుమానాలు చాలా ఉన్నాయి.

చిరంజీవి మేకను చంకలో ఎత్తుకుని వచ్చాడు. "పొద్దుగాల్నుంచి కట్టేసే ఉంది మామా. కడుపు ఒత్తి చూడు, ఖాళీగుంది."

పగిడయ్య ఒత్తి చూశాడు. "అరిగిపోయి ఉంటది."

"నీ లెక్క రాయి తిన్నా అరిగే కడుపు కాదు మామా దానిది."

దారిన పోయే నలుగురు కూడా వచ్చి ఒత్తి చూశారు. మేక ఓర్చుకుంది. కోతులేమో అన్నారొకరు.

"కోతులైతే తొడిమలు గిట్ల గోటితో గిల్లుతయా?" అంది గంగక్క.

అందరి మొహాలూ మారిపోయాయి. ఆ ఊళ్ళో 'కొత్త' అనే పండుగ చేసి, తొలి చిక్కుళ్ళు దేవతకు పెట్టనిదే మనిషన్నవాడు వాటిని నోట పెట్టడు. పండుగ ఆదివారం. చేయించే పూజారి పగిడయ్యే. అలాంటిది ఆయన పెరట్లోనే మనిషి చెయ్యి పడింది.

అప్పుడే గది తలుపు తెరుచుకుంది. ముందు వేయించిన నువ్వుల వాసన వచ్చింది, వెనకే గిన్నెను గుడ్డతో పట్టుకుని రాజ్యశ్రీ వచ్చింది.

"గంగక్కా, కాళ్ళు కడుక్కోండి. మన దడి చిక్కుళ్ళే. వేడిగా ఉండగానే తినాలి."

చిరంజీవి మేకను మెల్లగా కిందికి దించాడు.

"నాకు పన్ను సలుపుతుంది బిడ్డా," అంది గంగక్క.

"నేను దారిలనే తిన్న," అన్నాడు పగిడయ్య.

"నా మేకకైతే ఆకలిగుంది. అందరూ చూసిండ్రుగా," అన్నాడు చిరంజీవి.

రాజ్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేపు వెళ్ళిపోయేదాన్ని. ఒక్క ముద్ద తినకూడదా?"

గంగక్కకు ఇక దాచడం చేతకాలేదు. "కొత్త చెయ్యకుండ తినం బిడ్డా. ఆదివారం దాకా ముట్టం. నువ్వేమన్న తిన్నవా ఏంది?"

"లేదక్కా. వడ్డించకముందు వండినవాళ్ళు రుచి చూస్తే ఎంగిలని మా అమ్మ తిట్టేది. ఉప్పు కూడా చూడలేదు."

గంగక్క ఊపిరి వదిలింది. పగిడయ్య గిన్నె వైపు చూశాడు, గదిలో కట్టిపెట్టిన సంచుల వైపు చూశాడు.

"పండుగ ఆదివారమని ఎవరు పెట్టిండ్రు?"

"నువ్వే," అంది గంగక్క.

"అయితే బుధవారమని గూడ నేనే పెడత. చిరంజీవీ, పెద్దమనుషుల్ని పిలువు. జల్దీ."

పెద్దమనుషులు వచ్చారు, తలలు గోక్కున్నారు, పంతులమ్మ మొహం చూశారు, ఒప్పుకున్నారు. దీపాలు పెట్టే వేళకు డోలు మోగింది. తొలి ముద్ద ఆకులో దేవతకు వెళ్ళింది. తర్వాత ఇంటికింత చొప్పున ఊరంతా తిన్నది. ఆరు నెలలుండి పోయే మనిషి కోసం పండుగనే నాలుగు రోజులు ముందుకు జరిపిన ఆ ఊరిని చూస్తూ, వడ్డించడంలో రాజ్యశ్రీ తను తినే సంగతే మరిచింది.

"ఎట్లుంది?" అని అడిగింది చివరికి.

"మస్తుగుంది," అంది గంగక్క రెండోసారి పెట్టించుకుంటూ. పగిడయ్య ఆకు నాకి చూపించాడు. మిగిలినవాళ్ళందరూ తలలూపారు.

తెల్లవారి బస్సు కదిలేటప్పుడు గంగక్క కిటికీలోంచి ఒక డబ్బా అందించింది. "నీ వంతు కూర దాచి పెట్టిన. తిను."

గంగక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉండగానే దారి మలుపు తిరిగింది. బూర్గంపాడు దాటాక రాజ్యశ్రీ సంచిలోంచి ఆ డబ్బా తీసింది.

మూతకు దారంతో ఒక ఉప్పు పొట్లం కట్టి ఉంది.