సస్పెన్స్ ఖాతా

ఆ ఉదయం శకుంతలమ్మ అనుకున్నది ఒక్కటే: ఫిల్మ్ నగర్‌లో కూతురికి టిఫిన్ డబ్బా ఇచ్చి, వచ్చిన బస్సులోనే వెంగళరావు నగర్ తిరిగి వెళ్ళిపోవాలి. ఊరంతా అమీర్‌పేటలో పడి అమెరికా పంపే కంప్యూటర్ నేర్చుకుంటుంటే, కూతురు స్ఫూర్తి మాత్రం జమాఖర్చుల కంప్యూటర్ నేర్చుకుని, షూటింగులకు లైట్లు కిరాయికిచ్చే ఓదెలు ఆఫీసులో చేరింది.

డబ్బా అందుకున్న స్ఫూర్తి మొహం వాడిపోయి ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"సారుకు నెల రిపోర్టు ఇచ్చేది ఇయ్యాలనే అమ్మా. ఎనిమిది వేలు ఎటువోయినయో తెలుస్తలేదు. గట్ల లెక్క తెల్వని పైసలు సస్పెన్స్ ఖాతాల రాస్తం. తేలకుంటే నన్నే దొంగంటడు. ఆయనే తీసిండని నా అనుమానం. అడిగితే నౌకరీ వోతది."

శకుంతలమ్మకు అప్పుడే పోలీసులు, సంకెళ్ళు, పేపర్లో కూతురి ఫోటో కనిపించాయి. వరండాలో కూలబడింది. పక్క కుర్చీలో, లైట్లు మాట్లాడుకోవడానికి వచ్చిన నిర్మాత మల్లికార్జున్ ఉన్నాడు.

"ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"నా బిడ్డ సస్పెన్స్ తోని సస్తున్నది సారూ. సొమ్ము ఎవడు తీసిండో ఆఖరి దాకా తెల్వదంట."

వరసగా మూడు సినిమాల్లో డబ్బు పోగొట్టుకున్న మల్లికార్జున్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"ఆఖరికి ఎవరండీ?"

"పైకి అనకుండ్రి... ఓనరే!"

"అబ్బ! అమ్మాయే రాసిందా?"

"రోజూ అదే రాస్తది. నెలకొకటి ఇయ్యాలె గద."

"నెలకొకటే!" మల్లికార్జున్ లేచి తొడ చరిచాడు. "ఓనరే దొంగ! అదిరిందమ్మా! ఓనరే దొంగ!"

సరిగ్గా అప్పుడే కారు దిగిన ఓదెలు మొహం తెల్లబోయింది. పరుగున వచ్చి నిర్మాత చేతులు పట్టుకున్నాడు.

"జర మెల్లగ సారూ! గల్లాలకెల్లి నేనే తీసిన. పేకాటల వోయినయి. మా ఇంటామెకు చెప్పకుండ్రి, మీకు దండం పెడత!"

"వాహ్! ఏం నటన! ఈ వేషం మీదేనండీ!"

లోపల ఈ మాటలు విన్న స్ఫూర్తి ఎనిమిది వేలనూ ఓనరు సొంత వాడకం కింద రాసేసింది. రిపోర్టు పైసాతో సహా సరిపోయింది. ఆ పిల్ల నోరు ఎక్కడ విప్పుతుందోనని ఓదెలు ఆ రోజే జీతం పెంచాడు.

పాటలు తనే ఇరికించుకుంటానని చెప్పి, మల్లికార్జున్ కథకు అడ్వాన్సుగా శకుంతలమ్మ చేతిలో ఒక చెక్కు పెట్టి వెళ్ళాడు. సినిమావాళ్ళ చెక్కు తిరిగొస్తుందేమోనన్న భయంతో ఆమె దాన్ని ఇంతవరకు బ్యాంకులో వేయనేలేదు.